బుర్రా వారింట్లో సృష్టి

గువ్వలలంకలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ఊళ్ళోవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. బుర్రా సలోమి మాత్రం నవ్వదు. "ఇంటిపేరు చూస్తే తెలియట్లేదూ? బుర్ర లేనివాళ్ళకి బుర్రా అని ఇంటిపేరు పెడతారా ఎవరైనా?" అంటుంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. సలోమి, ఆవిడ మొగుడు జెకర్యా, మరిది తీతు. అన్నదమ్ములిద్దరూ గోదావరి గట్టు పక్కన ఇటుకలు కోసి, బట్టీ పెట్టి కాలుస్తారు. ఇటుకల పనిలో వాళ్ళకి వంక పెట్టడానికి లేదు. వంకంతా మాటల దగ్గరే.

ఒకసారి జెకర్యా పొరుగూరికి దారి అడిగితే, "ఏముందయ్యా, తిన్నని రోడ్డు, కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు" అన్నారెవరో. అంతే. కళ్ళు మూసుకున్నాడు. పంటకాలవలో తేలాడు. బయటికి లాగినవాళ్ళతో, "దారి చెప్పినాయన కాలవ సంగతి మర్చిపోయాడు, పాపం మతిమరుపు మనిషి" అని జాలిపడ్డాడు. ఇంకోసారి మేస్త్రీ తీతుని పట్టుకుని, "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యరా" అని కసిరాడు. "నా ఒళ్ళు నా దగ్గరే ఉందండీ, ఇంటి దగ్గర వదిలి రాలేదు" అన్నాడు తీతు. మేస్త్రీ తల పట్టుకుని అవతలికి పోయాడు. "చూశావా, మావాడు ఎలా నోరు మూయించాడో!" అని సలోమి ఆ ముచ్చట ఊరంతా చెప్పుకుంది.

అన్నీ ఉన్నా సలోమికి ఒక్క దిగులుంది. తెల్లారితే మగాళ్ళిద్దరూ బట్టీకి పోతారు. పిల్లల్లేరు. మాట్లాడదామంటే పొయ్యి తప్ప ఎవరూ లేరు. తీతుకి పెళ్ళయితే తోడికోడలు వస్తుంది, ఇద్దరూ చెరో పక్క కూర్చుని చింతపండు గింజలు తీసుకుంటూ కబుర్లు చెప్పుకోవచ్చని ఆవిడ ఆశ. వచ్చిన సంబంధమల్లా ఇంటిదాకా వచ్చి, వీళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, వెనక్కి పోయేది. తీతుకి చెవుల పక్కన వెంట్రుకలు నెరవడం కూడా మొదలైంది.

చివరికి చర్చి సంఘపెద్ద దేవసహాయం గారి భార్య సుందరమ్మకి జాలేసింది. ఆవిడ అన్నకూతురు దయామణి అవతలి ఒడ్డు పిల్ల. గుడిలో ప్రార్థన కూటాలు జరుగుతుంటే విందామని మేనత్త ఇంటికొచ్చింది. "శనివారం మా అన్నయ్య కూడా వస్తాడు. అందరం మీ ఇంటికొచ్చి అబ్బాయిని చూస్తాం. ఈ వారం రోజులూ ఏ తప్పూ జరక్కుండా చూసుకో సలోమీ" అని మరీ మరీ చెప్పింది సుందరమ్మ.

సలోమి ఆలోచించింది. కూటాల్లో పాస్టరు అయ్యగారు రోజూ వాక్యం చెబుతారు. ఆయన చెప్పింది చెప్పినట్టు, పొల్లుపోకుండా చేస్తే ఇక తప్పెందుకు జరుగుతుంది?

అక్కడే మొదలైంది అసలు తప్పు.

కృపాకరం అయ్యగారిది మంచి కంఠం. ఆ ఏడు ఆయన సృష్టి గురించి ఎత్తుకున్నారు. మొదటి సాయంత్రం చేతులు చాపి, కళ్ళు పెద్దవి చేసి చెప్పారు. "మొదట ఏమీ లేదు. అంతా చీకటి. దేవుడు చెయ్యి కూడా కదపలేదు. ఒక్క మాటన్నాడు, వెలుగొచ్చింది! అంతటి దేవుడు మనల్ని తన పోలికలో చేసుకున్నాడు. ఈ సంగతి చెవిలో వేసుకోండి. వేసుకుని వదిలేయకండి, భద్రంగా దాచుకోండి."

"చెవిలో ఎలా వేసుకోవాలి వదినా?" అని గుసగుసగా అడిగాడు తీతు.

"విన్నావుగా, పడిపోయుంటుంది. బయటికి రాకుండా దూది పెట్టుకో" అంది సలోమి.

ముగ్గురూ చెవుల్లో దూది పెట్టుకుని ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. జెకర్యా వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "దేవుడి పోలిక మనది. నేనూ ఒక మాటంటాను" అని, మీసం దువ్వి, "వెలుగు రావాలి!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది.

ఇంకేముంది! సలోమి కళ్ళు తిరిగి అరుగుమీద చతికిలపడింది. తీతు అన్న కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, దేవుడికే పెట్టాలని గుర్తొచ్చి పైకి చూసి పెట్టాడు. ఇక అగ్గిపెట్టెతో పనేముందని సలోమి దాన్ని పక్కింటావిడకి ఇచ్చేసింది.

మర్నాడు అయ్యగారి భోజనం వంతు వాళ్ళదే. సలోమి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. పప్పు పెట్టింది. చేపముక్కలకి ఉప్పూ కారం పట్టించి దాకలో వేసింది. పొయ్యి వెలిగించలేదు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "ఉడుకమ్మా, ఉడుకు" అంది ముద్దుగా. బియ్యం ఉడకలేదు. "అయ్యగారొచ్చే వేళయింది, ఉడకవూ?" అని బతిమాలింది. చివరికి గరిటె చూపించి బెదిరించింది. అటు బట్టీ దగ్గర అన్నదమ్ములు పచ్చి ఇటుకల చుట్టూ తిరుగుతూ, "కాలండి! కాలండి!" అని అరిచీ అరిచీ గొంతులు పోగొట్టుకున్నారు.

అయ్యగారు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు.

"వందనాలు అయ్యగారూ. కాస్త కూర్చోండి. పప్పు కొంచెం మెత్తబడేలా ఉంది గానీ, బియ్యమే మాట వినట్లేదు" అంది సలోమి.

సంగతంతా విని అయ్యగారు గడ్డం నిమురుకున్నారు. "తల్లీ, మాటతో చెయ్యడం దేవుడి పని. మనం మనుషులం. మన పని మనం చేత్తో చేసుకోవాలి. ఏ పనైనా సరే, చేత్తోనే" అని నెమ్మదిగా చెప్పి, అరటిపళ్ళు తిని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

"ఎంత తేలిగ్గా తేల్చేశారు! చేత్తో! మనకి తట్టనే లేదు" అన్నాడు జెకర్యా బొంగురు గొంతుతో. "ఒరే తీతూ, ముందు సైకిలేసుకుని కొట్టుకెళ్ళి అగ్గిపెట్టె పట్రా."

తీతు సైకిలెక్కి, తొక్కబోయి ఆగాడు. "అన్నయ్యా, ఇది కాళ్ళతో కదా?"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎంత గండం తప్పింది! అంతే, తీతు సీటు మీద బోర్లా పడుకుని, కిందికి వంగి, రెండు చేతులతో రెండు పెడళ్ళూ పట్టుకున్నాడు. "మరి హేండిలు?" అని అడిగాడు. "దాని దారి అది చూసుకుంటుందిలే" అని అన్న వెనక నుంచి ఒక్క తోపు తోశాడు.

సైకిలు గట్టు దిగింది. కోళ్ళని చెదరగొట్టింది. దేవసహాయం గారి దొడ్డి తడిక చీల్చుకుని లోపలికి పోయి, తీతుని కుడితి గోలెంలో పడేసి తను పక్కన పడుకుంది. కుడితి తాగుతున్న గేదె తల పైకెత్తి తీతుని చూసింది. తీతు గేదెని చూశాడు.

దొడ్లో పిడకలు ఏరుకుంటున్న దయామణి వచ్చి గోలెం పక్కన నిలబడింది. "స్నానానికొచ్చారా అండీ?" అని అడిగింది.

"కాదండీ, అగ్గిపెట్టె కోసం."

"ఇది కొట్టు కాదండీ. గోలెం."

"ఓహో, అలాగా అండీ" అన్నాడు తీతు.

ఇంటికొచ్చి తడిబట్టలు కూడా విప్పకుండా, "వదినా, ఆ పిల్ల ఎంత తెలివిగలదో! చూడగానే గోలెమని చెప్పేసింది" అన్నాడు. సలోమి గుండె పొంగిపోయింది. ఇన్నేళ్ళలో మరిది ఒక ఆడపిల్ల గురించి ఇంత మాట అనడం ఇదే మొదలు. ఈ సంబంధం ఎలాగైనా కుదరాలని ఆ రోజు రెండు సార్లు ప్రార్థన చేసింది.

ఆ సాయంత్రం అయ్యగారు జంతువుల దగ్గరికొచ్చారు. దేవుడు ఎన్ని రకాల ప్రాణుల్ని చేశాడో చెప్పి, "వాటికి పేర్లు పెట్టే పని మనిషికి అప్పగించాడు. పేరు పెట్టడమంటే ప్రేమగా చూసుకోవడం. మన ఊళ్ళో నోరులేని పశువులకి పేరైనా పెట్టామా మనం?" అని అడిగారు. తీతు చెవుల్లో ఇంకా దూది ఉంది. "ఏమంటున్నారు వదినా?" అన్నాడు గట్టిగా. "గేదెలకి పేర్లు పెట్టమంటున్నారు!" అని సలోమి అంతకంటే గట్టిగా అరిచింది. గుడంతా వెనక్కి తిరిగి చూసింది.

ఇంటికొస్తూ సలోమికి మంచి ఆలోచన తట్టింది. దేవసహాయం గారి గేదెకి పేరు లేదు. కుడితి పారబోసినందుకు క్షమాపణ చెప్పినట్టూ ఉంటుంది, కాబోయే వియ్యాలవారి గేదెకి గౌరవం చేసినట్టూ ఉంటుంది.

"ఏం పేరు పెడదామండీ?"

"అడగాలా? గేదె ఎవరిది? ఆయనది. ఆయన పేరుకంటే గౌరవమైన పేరు ఆ ఇంట్లో ఇంకేముంది?" అన్నాడు జెకర్యా.

పొద్దున్నే గేదె మేతకి వచ్చినప్పుడు సున్నం కలిపి, నల్లటి డొక్క మీద తెల్లగా, అందరికీ కనిపించేలా 'దేవసహాయం గారు' అని రాశారు. 'గారు' పెట్టమన్నది సలోమే. కాసేపటికి గేదె గోదాట్లోకి దిగి మునిగి కూర్చుంది. దాన్ని తోలడానికి వెళ్ళిన తీతు గట్టెక్కి కేకలు మొదలెట్టాడు.

"దేవసహాయం గారు నీళ్ళలో దిగారు! ఎంత పిలిచినా లేవట్లేదు! ముక్కు ఒక్కటే పైకి కనబడుతోంది!"

అంతే. ఊరు ఊరంతా పరుగెత్తింది. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఒకాయన తాడు తెచ్చాడు. ఇద్దరు ఈతగాళ్ళు చొక్కాలు విప్పేశారు. అందరికంటే ముందు, పంచె ఎగ్గట్టి, రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది దేవసహాయం గారే. "ఎవర్రా మునిగింది? ఎవరు?" అంటున్నారు. సరిగ్గా అప్పుడు గేదె మెల్లగా లేచి, నీళ్ళు ఓడ్చుకుంటూ, డొక్క ఇటు తిప్పి ఒడ్డెక్కింది. సున్నం సగం కరిగింది గానీ పేరు మాత్రం చదవడానికి చక్కగా ఉంది.

ఊరు నవ్వింది. దేవసహాయం గారి మొహం బట్టీలో ఇటుకలా అయింది. "నా బొందిలో ప్రాణముండగా ఈ సంబంధం జరగదు!" అని గర్జించారు.

జెకర్యా చేతులు కట్టుకుని ముందుకొచ్చి, వినయంగా, "ఎప్పటిదాకా ఉంటుందండీ? మేము ఆగుతాం" అన్నాడు.

ఆ తర్వాత ఆయనన్న మాటలు ఇక్కడ చెప్పుకోవడం బాగోదు.

సలోమి ఇంటికొచ్చి గడపమీద కూర్చుని ఏడ్చింది. చేతికందిన తోడికోడలు నోటికాడ కూడులా జారిపోయింది. ఏం తప్పు చేశామో ఎంత ఆలోచించినా తెలియలేదు. 'గారు' కూడా పెట్టారే! జెకర్యా పక్కన కూర్చుని, "పోనీ, ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాయాల్సిందేమో" అన్నాడు. దాంతో ఆవిడకి ఇంకా ఏడుపొచ్చింది. తీతు మూలకి తిరిగి కూర్చుని, చెవుల్లోంచి దూది తీసి గోడవతల పారేశాడు.

పొద్దు వాలేవేళకి సుందరమ్మ వచ్చింది. తిడుతుందనుకుని సలోమి లేచి నిలబడింది. సుందరమ్మ నోరు తెరిచి, స్తంభం పట్టుకుని పడీ పడీ నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఊరుకో సలోమీ. మా ఆయన సంగతి నేను చూసుకుంటాగా. పొద్దుటి నుంచీ 'దేవసహాయం గారూ' అంటే ఆ గేదె పరుగెత్తుకొస్తోందమ్మా! ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేరు పెట్టి పిలిస్తే పలికింది అదొక్కటే. శనివారం వస్తున్నాం. అబ్బాయికి శుభ్రంగా స్నానం చేయించి కూర్చోబెట్టు" అని చెప్పి, వీధంతా నవ్వుకుంటూ వెళ్ళింది.

సలోమికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇక అయ్యగారి మాట ఇంకా జాగ్రత్తగా వినాలనుకుంది.

శుక్రవారం సాయంత్రం అయ్యగారు మనిషి పుట్టుక చెప్పారు. "దేవుడు నేలమట్టి తీసుకున్నాడు. తన చేతులతో మనిషిని చేశాడు. ఊపిరి ఊదాడు. మనం మట్టి. ఎంత గొప్పవాడైనా మట్టే. మర్చిపోకండి!"

అన్నదమ్ములు బల్లమీద నిటారుగా కూర్చున్నారు. మట్టిపని! దేవుడిదీ మన పనే! ఇంటికొచ్చి అన్నం తింటుంటే జెకర్యా చెయ్యి ఉన్నట్టుండి కంచం మీద ఆగిపోయింది.

"సలోమీ, పచ్చి ఇటుక వానలో తడిస్తే ఏమవుతుంది?"

"కరిగిపోతుంది."

"మనిషిని చేశాక దేవుడు కాల్చాడని అయ్యగారు చెప్పారా?"

సలోమి గుర్తుచేసుకుంది. "లేదండీ. ఊపిరి ఊదాడన్నారు. కాల్చినట్టు చెప్పలేదు."

ముగ్గురూ ఎవరి చేతులు వాళ్ళు తడుముకుని చూసుకున్నారు. సలోమి మోచెయ్యి రుద్ది చూపించింది. "అందుకేనండీ! స్నానం చేసి ఒళ్ళు రుద్దుకుంటే రోజూ కాస్త మట్టి వస్తోంది. మురికనుకున్నాను నేను. ఇన్నాళ్ళూ మనం కరిగిపోతున్నాం!"

ఇంకేముంది, ఆ ఇంట్లో స్నానాలు బంద్. కానీ రేపు పెళ్ళివారొస్తున్నారు. పచ్చిపిల్లాణ్ణి చూపించి పెళ్ళి చేస్తే, తీరా వానాకాలంలో అల్లుడు కరిగిపోతే ఆ పిల్ల గతేం కాను? జెకర్యా నిజాయితీగల ఇటుకలవాడు. పచ్చి సరుకు ఎప్పుడూ అమ్మలేదు.

శనివారం పొద్దున్నే బట్టీ రాజేసి, మంటకి కాస్త ఎడంగా తీతుని పీట మీద కూర్చోబెట్టారు. "ఇటు కాలింది, అటు తిరుగు" అంటూ అన్న పక్కనే నిలబడి తిప్పాడు. సలోమి విసనకర్రతో పొగ తోలుతూ, "ఎక్కడైనా పగులు పడుతున్నట్టుంటే చెప్పు మరిదీ" అంది. మధ్యాహ్నానికి తీతు మొహం ముందు ఎర్రబడి, ఆపైన మసిపట్టి నల్లబడింది. జెకర్యా వచ్చి, ఇటుకని చూసినట్టే, వేలు మడిచి నెత్తిమీద కొట్టి చెవి ఆనించాడు.

"ఖంగుమంది! బాగా కాలాడు" అన్నాడు గర్వంగా.

పెళ్ళివారొచ్చారు. సుందరమ్మ, ఆవిడ అన్న ప్రసన్నం, దయామణి, వస్తానన్న మాట పోకూడదని అయ్యగారు. అందరి వెనకా, మొహం పక్కకి తిప్పుకుని దేవసహాయం గారు. బట్టీలోంచి తీసుకొచ్చిన పెళ్ళికొడుకుని చాప మీద కూర్చోబెట్టారు.

"ఇదేం వాలకంరా?" అన్నారు దేవసహాయం గారు ఉండబట్టలేక.

"కాల్చామండీ. మొదటి రకం. వానకి భయంలేదు" అంది సలోమి.

ప్రసన్నం బిత్తరపోయి చెల్లెలి వంక చూశాడు. సుందరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి పాపం ఆయన గొంతు సవరించుకుని, "మా అమ్మాయి చాలా నెమ్మదండీ. నోట్లో నాలుక లేదు" అన్నాడు.

సలోమి గబుక్కున ముందుకు జరిగింది. "అయ్యో! పుట్టుకతోనేనా? ఏదీ తల్లీ, నోరు తెరువు."

దయామణి నోరు తెరిచింది. వేలు పెట్టి చూసుకుంది. "ఉంది నాన్నా. పొద్దున పెసరట్టు తిన్నప్పుడు కూడా ఉంది" అంది తండ్రితో, కొంచెం నొచ్చుకుంటూ.

సలోమి ఆ పిల్ల వంక అలాగే చూస్తుండిపోయింది. కళ్ళు చెమర్చాయి. అడిగిన మాటకి సరైన జవాబు చెప్పే మనిషి ఇన్నాళ్ళకి ఎదురైంది.

ప్రసన్నం కండువాతో మొహం తుడుచుకున్నాడు. పరిస్థితి చక్కదిద్దుదామని అయ్యగారు నోరు విప్పారు. ఇంకా బుద్ధి రాలేదాయనకి. "దేవుడు మొదటి మనిషికి గాఢనిద్ర పట్టించి, పక్కటెముక ఒకటి తీసి, దాంతో అతని భార్యని చేశాడు. ఎవరి ఎముక ఎవరి దగ్గరుందో ఆయనకే తెలుసు" అన్నారు చిరునవ్వుతో.

ఆయన మాట పూర్తికాలేదు. తీతు చాప మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూశాడు. పొద్దుటి నుంచీ మంట దగ్గర కూర్చున్న మనిషి, నిజంగానే గుర్రుపెట్టాడు.

"ష్! ఎవరూ మాట్లాడకండి. ఎముక తీసే వేళ" అంది సలోమి. జెకర్యా వంగి తమ్ముడి పక్కటెముకలు లెక్కపెట్టబోయాడు. వేలు పెట్టగానే తీతు నిద్రలోనే కిసుక్కున నవ్వి మెలితిరిగాడు. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ కిసుక్కు.

దేవసహాయం గారు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. ప్రసన్నం కూడా లేచాడు. సలోమి పరుగున వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది. మళ్ళీ పోతోంది, ఇదీ పోతోంది. అప్పుడు దయామణి సందేహిస్తూ ఎడంపక్క చెయ్యి పెట్టుకుని, "నాన్నా, నాకు చిన్నప్పటి నుంచీ ఇక్కడ పొడుస్తుందని చెబుతాను కదా. ఒకటి ఎక్కువుందేమో. ఆయనదేమో" అంది.

ప్రసన్నం కూతుర్ని చూశాడు. చాప మీదున్నవాణ్ణి చూశాడు. ఇన్నేళ్ళుగా ఈ పిల్లని ఎవరికిచ్చి చెయ్యాలా అని ఆయన పడ్డ బెంగంతా ఒక్క నిట్టూర్పులో బయటికొచ్చింది. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"ముహూర్తం... అదే, తేదీ ఎప్పుడు పెట్టుకుందాం అయ్యగారూ?" అన్నాడు.

వెళ్ళేటప్పుడు వీధి గుమ్మం దగ్గర దేవసహాయం గారి మాటలు సలోమి చెవిన పడ్డాయి. "అయ్యగారూ, వారమంతా మీరు చెప్పింది వీళ్ళకి ఒక్క ముక్క కూడా ఎక్కలేదు."

"అలా అనకండి. మనం విని దులుపుకుని ఇంటికి పోతాం. వీళ్ళు విన్నది చేస్తారు. నేనే ఇకనుంచి కాస్త చూసుకుని మాట్లాడాలి" అన్నారు అయ్యగారు. ఆయన మాట్లాడేటప్పుడు ఎవర్ని చూసుకోవాలో సలోమికి అర్థం కాలేదు గానీ, మెచ్చుకున్నారని మాత్రం తెలిసింది.

పెళ్ళి అవతలి ఒడ్డు గుడిలో జరిగింది. అయ్యగారు ఎంత జాగ్రత్తగా మాట్లాడినా ఒక్క మాట జారింది. "నేటి నుంచి మీరు ఇద్దరు కాదు, ఒక్కటే" అనేశారు. అంతే, సలోమి భోజనాల దగ్గర వాళ్ళిద్దరికీ ఒకే విస్తరి వేసింది, ఒకే కుర్చీ వేసింది. తీతు తింటుంటే దయామణి, "ఇక చాలండీ, నాకు కడుపు నిండిపోయింది" అంది. ఆవిడ అప్పటికి ఇంకా మెతుకు ముట్టలేదు. సుందరమ్మ వచ్చి చూసి తిట్టి కూర్చోబెట్టి తినిపించింది.

ఎండ తగ్గాక అందరూ పడవెక్కారు. జెకర్యా గడ వేస్తున్నాడు, తీతు వెనక తెడ్డు పట్టుకున్నాడు. చల్లగాలి, పెళ్ళిబట్టలు, పైన కొంగల బారు. నడిగోదాట్లోకి వచ్చేసరికి అయ్యగారి మనసు నిండిపోయింది. "ఈ నీళ్ళు, ఈ ఆకాశం, అంతా ఆయన చేసిందే. రండి, ఒక్కరు కూడా మిగలకుండా అందరం చేతులు జోడించి ఆయనకి కృతజ్ఞత చెప్పుకుందాం" అని కళ్ళు మూసుకున్నారు.

ఒక్కరు కూడా మిగలకూడదు. జెకర్యా గడ వదిలి చేతులు జోడించాడు. తీతు తెడ్డు వదిలి చేతులు జోడించాడు. గడ ఒక దారి పట్టింది, తెడ్డు ఒక దారి పట్టింది. అయ్యగారి ప్రార్థన ఎంత పొడుగో గువ్వలలంకలో అందరికీ తెలుసు. వెలుగు దగ్గర ఎత్తుకున్నారు. నీళ్ళ దగ్గరికొచ్చారు. చెట్లూ చేమలూ అయ్యాయి. ఆయన పక్షుల దగ్గరుండగా ఊరి రేవు పక్కనుంచి పోయింది. రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు చేతులూపారు. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎవరూ చూడలేదు.

ఆమెన్ అనేసరికి పడవ దిగువన ఎక్కడో ఇసకమేటకి తగులుకుని ఆగింది.

"మన ఊరేదీ?" అన్నారు దేవసహాయం గారు.

"ఇందాక వెళ్ళిపోయిందండీ. ప్రార్థన మధ్యలో పలకరిస్తే బాగోదని ఊరుకున్నాను" అన్నాడు జెకర్యా. తనొక్కడు మాత్రం ఒక కన్ను తెరిచి చూశాడట.

ఇక నడక తప్పదు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, అరటితోటల గట్టు పట్టారు. నడిచీ నడిచీ ఊరి పొలిమేరకి వచ్చేసరికి, అలసిపోయిన సుందరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, "ఇదిగోనమ్మా దయామణీ, మీ అత్తారి ఊరు. కొత్త కోడలివి, కుడికాలు పెట్టి లోపలికి రా" అంది.

దయామణి కుడికాలు పెట్టింది. ఎడంకాలు ఎత్తి పట్టుకుని, ఆగి, "ఎడంకాలు ఎప్పుడు పెట్టాలి అత్తా?" అని అడిగింది.

సుందరమ్మ వినిపించుకోలేదు. వెనకపడ్డ మొగుడి కోసం వెనక్కి తిరిగింది.

"చెప్పలేదు కదా, పెట్టకు" అంది సలోమి. కొత్త తోడికోడలి మర్యాద తనది కూడా. ఆవిడ కూడా ఎడంకాలు ఎత్తేసింది. పెళ్ళాం ఎత్తాక జెకర్యా ఎత్తడా? తీతు సరేసరి. అంతే, నలుగురూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని, కుడికాలి మీద గెంతుకుంటూ, పట్టుబట్టలతో, పూలదండలతో, ఊరి నడివీధిలో బయల్దేరారు. గుమ్మాల్లోకి వచ్చిన జనం వచ్చినట్టే నిలబడిపోయారు. రెండు చోట్ల పడ్డారు. లేచి మళ్ళీ కుడికాలి మీదే నిలబడ్డారు.

"అలసిపోయావా దయామణీ?" అంది సలోమి రొప్పుతూ.

"లేదక్కా. ఎడంకాలికి మంచి విశ్రాంతి" అంది దయామణి.

సలోమి ఆనందం పట్టలేకపోయింది. ఇన్నాళ్ళకి మాట్లాడటానికి మనిషి దొరికింది! ఇంటి గుమ్మం దగ్గర ఆయాసం తీర్చుకుంటూ వెనక్కి చూసింది. అయ్యగారూ, దేవసహాయం గారూ, సుందరమ్మా రెండేసి కాళ్ళతో నడుచుకుంటూ వస్తున్నారు.

"పాపం, వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదక్కా" అంది దయామణి.

"ఊరుకో చెల్లీ. అందరికీ ఉండొద్దూ మనలాంటి బుర్ర?" అంది సలోమి. ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకే గెంతులో గడప దాటి లోపలికి పోయారు.